నాసి బొగ్గుకు దక్కిన రాయితీ, సౌర పలకకు రాయని పద్దు

బొగ్గుపై టన్నుకు 50 రూపాయల సెస్సును కేంద్రం 2010లో మొదలుపెట్టినప్పుడు దాని ఉద్దేశం స్పష్టంగానే ఉంది. పొగ వల్ల జనానికి జరిగే నష్టాన్ని ఆ పొగ వదిలేవాళ్ల ఖర్చులో కలిపి, వచ్చిన డబ్బును స్వచ్ఛ ఇంధనానికి మళ్లించాలన్నది ఆలోచన. 2016కి అది 400కు చేరింది. మరుసటి ఏడాది జీఎస్టీ రావడంతో రాష్ట్రాలు కోల్పోయే పన్ను ఆదాయాన్ని పూడ్చే పరిహార సెస్సుగా మారిపోయింది. అంతకుముందు మాత్రం సవ్యంగా నడిచిందా అంటే, వసూలైన దాంట్లో స్వచ్ఛ ఇంధన నిధికి చేరింది మూడోవంతు, ఖర్చయింది ఐదోవంతులోపే.

2025 సెప్టెంబరులో ఆ సెస్సును ఎత్తేసి, బొగ్గుపై జీఎస్టీని 5 నుంచి 18 శాతానికి పెంచారు. పైకి పన్ను పెరిగినట్టే కనిపిస్తుంది. లెక్క వేసి చూడండి. టన్ను వెయ్యి రూపాయలు పలికే నాసిరకం బొగ్గుపై ఇదివరకు జీఎస్టీ 50, సెస్సు 400, వెరసి 450 పడేది. ఇప్పుడు 180 చాలు. ఐదు వేలు పలికే మేలురకంపై మాత్రం 650 కాస్తా 900 అయింది. బూడిద ఎక్కువ, వేడి తక్కువ ఉన్న బొగ్గును యూనిట్ కరెంటుకు మరింత కాల్చాల్సి వస్తుంది కనుక, ఎక్కువ మసి వదిలేదానికే ఎక్కువ రాయితీ దక్కినట్టయింది. కరెంటు ఖర్చు తగ్గుతుందన్న వాదన అబద్ధం కాదు. కానీ పేదల బిల్లు తగ్గించాలంటే ఆ బిల్లులోనే తగ్గించవచ్చు.

సౌరవిద్యుత్తుకూ పద్దు రాయాల్సిందే. తయారీ నుంచి మూలపడేదాకా కలిపి చూస్తే యూనిట్‌కు బొగ్గు 820 గ్రాముల ఉద్గారాలు వదిలితే పెద్ద సౌర కేంద్రాలు 48 గ్రాములు వదులుతాయని ఐక్యరాజ్యసమితి వాతావరణ నిపుణుల బృందం ఐపీసీసీ 2014లో లెక్కగట్టింది. కాబట్టి రెండూ ఒకటేననే వాదనకు తావు లేదు. అయితే గ్రాముల్లోకి రాని ఖర్చులూ ఉన్నాయి. పాత కర్నూలు జిల్లా గని, శకునాల ఊళ్ల దగ్గర వెయ్యి మెగావాట్ల పార్కు ఆరు వేల ఎకరాల దాకా ఆక్రమించింది. దుమ్ము పేరుకుంటే ఉత్పత్తి పడిపోతుంది కనుక పలకలను శుభ్రం చేస్తూనే ఉండాలి, సీమలో నీటి విలువ ఎంతో చెప్పనక్కర్లేదు. పరిహారం సాధారణంగా పట్టా చూసి ఇస్తారు, గొర్రెలు మేపుకునేవాళ్ల దగ్గర ఏ పట్టా ఉంటుంది?

పాడైన పలకలను తయారీదారులు 2034-35 వరకు నిల్వ చేయాలని 2022 నాటి ఈ-వ్యర్థాల నిబంధనలు చెబుతున్నాయి. నిల్వ చేయడం వదిలించుకోవడం కాదు. బొగ్గు గని మూసివేతకు ముందుగానే ఎస్క్రో ఖాతాలో, అంటే ఆ పనికి తప్ప తీయడానికి వీల్లేని ఖాతాలో, డబ్బు కట్టించుకుంటున్నట్టే, సౌర పార్కుల నుంచీ యూనిట్‌కు కొన్ని పైసలు పక్కన పెట్టించాలి. 2017లో గని ఊరి పార్కులో నిలబెట్టిన లక్షలాది పలకలకు 2042 నాటికి పాతికేళ్లు నిండుతాయి, అంటే వాటి ఆయుష్షు దాదాపు తీరినట్టే.