చెవి కత్తిరించిన కుక్క కరిస్తే సూది వద్దా?

బెంగళూరు మారతహళ్లి చుట్టుపక్కల తెలుగువాళ్ల అపార్ట్‌మెంట్ గ్రూపుల్లో ఒక ఫార్వర్డ్ తెగ తిరుగుతోంది. వీధికుక్కలన్నిటినీ ఎత్తేయమని సుప్రీంకోర్టు చెప్పిందట. మెజారిటీ ఉంటే అసోసియేషన్ పెంపుడు కుక్కల్ని నిషేధించొచ్చట. వీధికుక్కకు తిండి పెట్టడమే నేరమట. చెవి కత్తిరించిన కుక్క కరిస్తే సూది అక్కర్లేదట!

మొదటిది సగంలో ఆపేసిన వార్త. 2025 ఆగస్టు 11న ఢిల్లీ పరిసరాల గురించి కోర్టు అలాంటి ఆదేశం ఇచ్చిన మాట నిజమే. 22న ముగ్గురు జడ్జీల బెంచ్ దాన్ని మార్చింది: పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, టీకా వేసి, పట్టుకున్న చోటే వదలాలి. రేబిస్ ఉన్నవాటినీ, మీదపడి కరిచేవాటినీ వదలకూడదు. స్కూళ్లు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల నుంచి తీసినవాటిని మళ్లీ అక్కడ వదలొద్దని నవంబర్ 7న చెప్పింది. ఆ జాబితాలో మన అపార్ట్‌మెంట్లు లేవు. ఆపరేషన్లతో ఒరిగేదేమీ లేదనేవాళ్లు అప్పటి బెంగళూరు నగరపాలక సంస్థ బీబీఎంపీ లెక్క చూడాలి: 2019లో సుమారు 3.10 లక్షల వీధికుక్కలు, 2023లో 2.79 లక్షలు.

ఇక నిషేధం. జంతు సంక్షేమ బోర్డు 2015 మార్గదర్శకాల ప్రకారం తీర్మానం చేసినా పెంపుడు జంతువుల్ని నిషేధించడానికి లేదు. అలాగని లిఫ్టులో కుక్క తడిపితే తుడవకుండా పోయే ఓనర్లను నేను వెనకేసుకురాను. వాళ్లను నిలదీయాల్సిందే.

తిండి సంగతిలో కొంత నిజముంది. ఎక్కడపడితే అక్కడ, రోడ్డు మీద పెట్టొద్దని కోర్టే అంది. కానీ జంతువుల సంతాన నియంత్రణ మీద కేంద్రం తెచ్చిన 2023 నిబంధనల ప్రకారం పిల్లలు ఆడే చోటికీ, మెట్లకూ, గేట్లకూ దూరంగా ఒక చోటు చూపించాల్సింది అసోసియేషనే. ఆ పని చేయకుండా, అన్నం గిన్నె పట్టుకొచ్చిన ఆంటీ మీద అరిస్తే ఎలా?

చివరి మాట ప్రాణాలు తీసేది. చెవి మీద గాటు ఆపరేషన్ అయిందనీ, అప్పుడు టీకా వేశారనీ చెప్పే గుర్తు, అంతే. రేబిస్ టీకా మళ్లీ మళ్లీ వేయించాలి, చివరిసారి వేసిందెప్పుడో గాటు చెప్పదు. మా గేటు దగ్గర ఒక డ్రైవర్‌కు పిక్క మీద కరిస్తే, పక్కనున్నవాళ్లు పసుపూ కారమూ తెచ్చి అద్దారు. కావాల్సింది కుళాయి, సబ్బు. ధారగా పారే నీళ్ల కింద పదిహేను నిమిషాలు కడగాలి, కట్టు కట్టకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులన్నది పాత రోజుల మాట, ఇప్పుడు చేతికే. రక్తం వచ్చిందంటే టీకా ఒక్కటే చాలదు, గాయం చుట్టూ ఇమ్యూనోగ్లోబులిన్ (రేబిస్‌ను వెంటనే ఎదుర్కొనే రెడీమేడ్ యాంటీబాడీల మందు) కూడా ఎక్కించాలి. కుక్క ఎలా ఉందో పది రోజులు చూడొచ్చు గానీ, సూది ఆ పది రోజులూ ఆగదు. మొదటి డోసు అదే రోజు పడాలి. ఈలోగా కుక్క కనిపించకుండా పోతే డోసులన్నీ పూర్తి చేయించుకోవాల్సిందే.