రసమట్టం సాక్షిగా

మా వాకిట్లోని పాత తాండూరు బండల మీద టైల్స్ వేస్తానని బయానా పుచ్చుకున్న మేస్త్రి, ఫోన్ చేసినప్పుడల్లా "దారిలనే ఉన్న సార్" అనడమే తప్ప ఎంతకీ రాకపోవడంతో, పండుగ ముంచుకొస్తున్నదన్న కంగారులో తాపీ నేనే పట్టవలసి వచ్చింది. విట్రిఫైడ్ టైల్స్ 0.5 శాతానికి మించి నీరు పీల్చవు కనుక ఉత్తి సిమెంటు పాలకు సరిగా అతుక్కోవని దుకాణదారు సెలవివ్వగా, 20 కిలోల గమ్ము బస్తాలు దిగాయి. దానిని కలపడం, పళ్లున్న తాపీతో చాళ్లు తీయడం, 3 మిల్లీమీటర్ల స్పేసర్లు పెట్టి రబ్బరు సుత్తితో తట్టడం ఎలా జరిగాయో నా నడుమును అడిగితే చెబుతుంది.

రసమట్టం సంగతి మాత్రం నేనే చెప్పాలి. ప్రతి టైలు మీదా దానిని అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి పెట్టి, బుడగ రెండు గీతల నడుమ కదలకుండా నిలిచేదాకా ఊపిరి బిగబట్టి చూశాను. గడప దగ్గరి వరుసకు వచ్చేసరికి గమ్ము అడుగంటింది కనుక అక్కడ కాస్త పలచగా పరచినప్పటికీ, బుడగ పెద్దగా అభ్యంతరపెట్టలేదు.

పని ముగిసిన మర్నాడు మేస్త్రి వేంచేశాడు. వాకిలంతా ఒకసారి కలయజూసి, మారుమాట లేకుండా చెంబెడు నీళ్లు అడిగాడు. ఎండన పడి వచ్చాడని జాలిపడి ఫ్రిజ్‌లోని చల్లటి నీళ్లు తెచ్చి ఇస్తే, వాటిని వాకిలి నడుమ కుమ్మరించి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నీళ్లు పారలేదు. పెళ్లిచూపులకు వచ్చిన పెద్దమనిషిలా గుండ్రంగా కూర్చుని, చుట్టూ చూసి, ఏదో ఆలోచించాయి. ఈలోగా పక్కింటి విశ్రాంత ఇంజనీరు గారు ప్రహరీ మీదుగా తల పెట్టారు. మా ఆవిడ గుమ్మంలోకి వచ్చింది. నీళ్లు అవతలి మోరీ వైపు ఒక్క బెత్తెడైనా జరిగితే చాలునని నేను ఇలవేల్పుకు మొక్కుకున్నాను. అవి మోరీకి వీపు తిప్పి, గ్రౌటు గీత పట్టుకుని, నా చెప్పులను చుట్టి, తిన్నగా గడప దాకా వెళ్లి ఆగాయి. ఆ పొద్దున్నే రాసిన పసుపు మెల్లగా కరిగి, ఐవరీ రంగు టైలు మీద పచ్చగా పాకింది.

"లెవెల్ మస్తుగ గొట్టిండ్రు సార్. వాలే లేదు" అన్నాడు మేస్త్రి.

ఆరుబయట నేలకు మీటరుకు కనీసం ఒక సెంటీమీటరు వాలు ఉండాలని ఇంజనీరు గారు గోడ మీద వేలితో గీసి మరీ వివరించారు. పని సాగినన్నాళ్లూ అదే గోడ మీద మోచేతులు ఆన్చి చూసిన పెద్దమనిషికి ఈ విజ్ఞానం నిన్నటిదాకా ఎందుకు గుర్తుకు రాలేదో నేను అడగలేదు. ఐవరీకీ క్రీముకీ తేడా గంటసేపు బోధించిన దుకాణదారు కూడా వాలు ఊసెత్తలేదు. నేను చూసి పని నేర్చుకున్న వీడియోలోని కుర్రవాడు వేసిందేమో పడకగది. అక్కడ నీళ్లు పోసేవారెవరు?

మేస్త్రి చెంబు నాకు అందించి, వంగి, నాణెంతో టైలును నాలుగు మూలలా కొట్టి విన్నాడు. ఎక్కడా డొల్ల శబ్దం రాలేదు. నాకు కొంచెం ప్రాణం లేచి వచ్చింది.

"గమ్ము గట్టిగ పట్టింది సార్" అన్నాడు. "ఊడదియ్యాల్నంటే బ్రేకర్ దేవాలె. దాని కిరాయి మీదే."