కేసుల భయంతో నోరు మూసుకుంటే కేసులు తగ్గుతాయా?
చికిత్సలో జరిగిన తప్పు ఒప్పుకుంటే కోర్టు కేసులు పెరుగుతాయి కాబట్టే డాక్టర్లు మాట్లాడరని ఒక వ్యాసంలో చదివాను. ఆ వ్యాసకర్త మాటతోనే నాకు పేచీ. అమెరికాలో మిషిగన్ యూనివర్సిటీ ఆస్పత్రులు 2001 నుంచి పొరపాటు జరిగితే తామే చెప్పి, క్షమాపణ అడిగి, పరిహారం ఇవ్వడం మొదలుపెట్టాయి. 2010లో వచ్చిన అధ్యయనం ప్రకారం అక్కడ కేసులు బాగా తగ్గాయి (అదొక్కటే కారణమని ఆ పరిశోధకులూ అనలేదు లెండి). మా నాన్నగారికి ఆపరేషన్ తర్వాత లోపల రక్తస్రావమై మళ్లీ థియేటర్‌కు తీసుకెళ్లారు. పెద్ద డాక్టరు ఫైల్లోంచి తలెత్తకుండానే "ఇలాంటివి మామూలేనండీ" అని వెళ్లిపోయారు. నిజంగా అది ఎవరి తప్పూ కాని కాంప్లికేషనే కావచ్చు. కానీ ఎందుకైంది, ఇప్పుడేం చేస్తున్నారు, ఇంకా తేలనిదేమిటి అని కాసేపు కూర్చుని చెప్పి ఉంటే మాకు అనుమానమే వచ్చేది కాదు. చివరికి నైట్ డ్యూటీలో ఉన్న జూనియర్ డాక్టరమ్మ మందుల చీటీ వెనక బొమ్మ గీసి, రక్తనాళం మీద కుట్టు ఎక్కడ జారిందో చూపించింది. లాయరు దగ్గరికి వెళ్లాలన్న ఆలోచన మేం మానుకున్నది ఆవిడ వల్లే. అలా చెప్పినందుకు మర్నాడు ఆవిడకు చీవాట్లు పడ్డాయని నర్సు చెప్పింది. ఈ సంగతి మీద వ్యాసంలో ఒక్క ముక్కా లేదు.