ఇరవై సెకన్ల టైమరు గారికి బదిలీ ఉత్తర్వు

మహారాజశ్రీ లెక్కల క్విజ్ టైమరు గారి దివ్య సముఖానికి,

బెంగళూరులో, మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు అపార్ట్‌మెంట్ల క్లబ్‌హౌసుల్లో ఆదివారం పూట మూడు, నాలుగు తరగతుల తెలుగు పిల్లల చేత పాత లెక్కలు తిరగేయించేవాళ్ళం రాసుకునే విన్నపం. ఉభయకుశలోపరి. ఇక్కడ కూడికలు క్షేమం. ఎక్కాలు పర్వాలేదు. తీసివేతలకే ఒంట్లో బాగోలేదు. రోగం ఎక్కడుందో చూద్దామంటే మీరు నాడి పట్టుకోనివ్వడం లేదు. అందుకే ఈ ఉత్తరం.

మీ దర్జాకి వంక పెట్టేది లేదు. తెర మీద 20 అని వెలిగి 19, 18 అంటూ మీరు దిగుతుంటే, వెనక సంగీతం దడదడలాడుతుంటే, హాలంతా జీలకర్ర బెల్లం ముహూర్తం ముంచుకొచ్చిన పెళ్ళి పందిరిలా ఉంటుంది. వెనక కుర్చీల్లోంచి నాన్నలు "నొక్కరా, నొక్కు!" అంటుంటారు. ఏది నొక్కాలో వాళ్ళకీ తేలలేదు, అది వేరే సంగతి.

మీ జమాఖర్చు ఒకసారి విప్పుదాం. 2013లో జనంలోకి వచ్చిన కహూట్ అనే నార్వే ఆన్‌లైన్ క్విజ్ ఆటలో మీకిచ్చిన సూత్రం రహస్యమేమీ కాదు. జవాబుకి పట్టిన సమయాన్ని ప్రశ్నకిచ్చిన సమయంతో భాగించాలి, సగం చెయ్యాలి, ఒకటిలోంచి తీసెయ్యాలి, వెయ్యితో హెచ్చవెయ్యాలి. 20 సెకన్ల ప్రశ్నకి 2 సెకన్లలో సరిగ్గా నొక్కిన పిల్లాడికి 950. 18 సెకన్లు తీసుకుని కాగితం మీద చేసి నొక్కిన పిల్లకి 550. ఇద్దరి జవాబూ అదే. మధ్యలో నాలుగొందలు కేవలం తొందరకిచ్చిన కూలి.

ఇక ప్రశ్నే చదవని వీరుడి సంగతి చూడండి. 12 ప్రశ్నలు, ఒక్కోదానికి నాలుగు రంగుల్లో నాలుగు జవాబులు. ఒక్క సెకనులో చేతికందిన రంగు నొక్కుకుంటూ పోతే సగటున 3 తగులుతాయి. ఒక్కోటి 975 చొప్పున 2,925. పక్కనున్న పిల్ల ఐదు లెక్కలు పూర్తిగా చేసి, మిగతా ఏడింటి మధ్యలో ఉండగా మీరు గంట కొట్టేశారు. ఐదు 550లు 2,750. ఐదు లెక్కలు చేసిన పిల్ల కంటే ఒక్క లెక్కా చెయ్యనివాడు 175 పాయింట్లు ముందున్నాడు. అయ్యా, ఇది గణితమా, మట్కానా?

పోనీ పాయింట్లదేముంది, పిల్లలు సోమవారానికి మరిచిపోతారు. మాకు కడుపు మండేది వేరే చోట. 403 − 178 అని అడిగాం. తెర మీద నాలుగు జవాబులు: 225, 375, 235, 325. ఇవి నోటికొచ్చిన అంకెలు కావు. ఏ తప్పు చేస్తే ఏది వస్తుందో ముందే చూసుకుని పెట్టినవి. 375 నొక్కిన పిల్ల ప్రతి గడిలోనూ పెద్ద అంకెలోంచి చిన్నది తీసేసింది: 8లోంచి 3, 7లోంచి 0, 4లోంచి 1. పైది ఏదో కిందది ఏదో చూడలేదు. 235 నొక్కినవాడికి అప్పు తేవడం వచ్చు, కానీ పదుల ఇంట్లో సున్నా 10 అయ్యాక అందులోంచి ఒకటి ఒకట్ల ఇంటికి పోయి 9 మిగలాలన్నది జారిపోయింది. 325 వాడు 9 దాకా బాగానే వచ్చి, అప్పిచ్చిన వందల ఇంట్లో 4ని 3 చెయ్యడం మరిచాడు. మూడు తప్పులు, మూడు వేరువేరు మందులు. మీరు మాత్రం ముగ్గురికీ కలిపి ఒకే ఎర్ర ఇంటూ గుర్తు పెట్టి, "తరవాతి ప్రశ్న" అంటారు. ఎంతమంది ఏది నొక్కారో ఒక్క క్షణం బొమ్మ కట్టి చూపిస్తారు, నిజమే. మేం అది కాగితం మీదకి ఎక్కించేలోపు ఎవరు ముందున్నారో చెప్పే లీడర్‌బోర్డు వచ్చి కూర్చుంటుంది. పైగా మీ హడావిడిలో నొక్కిన 375 నిజంగా తెలియక నొక్కిందా, వేలు జారి నొక్కిందా అన్నది బ్రహ్మక్కూడా తెలీదు.

జవాబుల్ని పిచ్చిపిచ్చిగా పేర్చడం కూడా మీ సావాసంతో వచ్చిన అలవాటే. ప్రశ్న ఎలాగూ 20 సెకన్లే కదా అని 225 పక్కన 12, 900, 4,000 పడేస్తారు కొందరు. దాన్ని లెక్క రాని పిల్లలు కూడా దాటేస్తారు. 824 ÷ 4కి పక్కన 26 ఉండి తీరాలి, ఎందుకంటే భాగఫలంలో సున్నా మింగేసేవాళ్ళకి వచ్చేది అదే. (చెయ్యడానికి ముందే "జవాబు వంద దాటుతుందా, దాటదా?" అని అడిగితే సగం 26లు పుట్టకముందే పోతాయి.) 0.8 పెద్దదా 0.35 పెద్దదా అంటే 35 పెద్దది కదా అనేవాళ్ళు ఎక్కువ. గడియారం లెక్క మరీ రుచిగా ఉంటుంది. మెజెస్టిక్‌లో 9:45కి బస్సెక్కి వైట్‌ఫీల్డ్‌లో 11:20కి దిగితే ఎంతసేపు? 1 గంట 35 నిమిషాలు. 1120లోంచి 945 తీసేసినవాళ్ళకి 1 గంట 75 నిమిషాలు. పెద్దదాంట్లోంచి చిన్నది తీసే పాతకాపులకి 2 గంటల 25 నిమిషాలు. ఈ ఊరి ట్రాఫిక్‌లో ఆ మూడూ సరైన జవాబులేనని ఎవరో ఒక తండ్రి ప్రతిసారీ అంటాడు. ఆయన్ని తప్పనడానికీ లేదు.

మీరంటారు, "నేను లేకపోతే క్విజ్ ఎక్కడిది?" అని. కర్ణాటక క్విజ్ అసోసియేషన్ 1983 నుంచీ నడుస్తున్న ఊరండీ ఇది. క్విజ్ అంటే ఏమిటో ఈ ఊరికి మీరు చెప్పక్కర్లేదు. ఇక్కడి క్విజ్‌లలో ఆధారాలు పట్టుకుని ఆలోచించి రాబట్టే ప్రశ్నకే గౌరవం. పౌన్స్ అని ఒక పద్ధతుంది: తమ వంతు రాకముందే జట్టు జవాబు చీటీ మీద రాసి ఇచ్చేస్తుంది. రాయాలి, అదీ ముఖ్యం. 2015లో ఈ ఊళ్ళోనే మొదలైన క్విజిజ్ అనే ఆన్‌లైన్ క్విజ్‌లో కూడా, ఇప్పుడు దాని పేరు వేగ్రౌండ్, పిల్లలు ఎవరి తెర మీద వాళ్ళు తమ వేగంతో సాగొచ్చు. కహూట్‌లోనూ మిమ్మల్ని 4 నిమిషాల దాకా సాగదీసే మీట ఉంది, పాయింట్లే లేకుండా చేసే మీటా ఉంది. ఆ రెండూ ఎవరూ ముట్టుకోక బూజు పట్టాయి.

కాబట్టి ఇకమీదట జరగబోయేది వినండి. అరగంటకి ఎనిమిది ప్రశ్నలే. అందులో రెండు మొన్నటి పాఠంవి, ఆరు పాతవి: స్థానవిలువ, తీసివేత, భాగహారం, గడియారం, భిన్నాలు, చుట్టుకొలత. ఎనిమిదీ తీసివేతలే అయితే పిల్లలు ప్రశ్న చదవడం మానేసి తీసేస్తూ పోతారు, మనమేమో వచ్చేసిందని మురిసిపోతాం. ప్రతి ఇద్దరికీ ఒక పలక, బలపం, తడిగుడ్డ. ఒక ప్రశ్నకి ఒకరు రాస్తారు, రెండోవారు చెబుతారు, తరవాతి ప్రశ్నకి మార్పు. ముగ్గురిని కలిపితే మూడోవారు సీలింగు ఫ్యాను చూస్తారు, అందుకే ఇద్దరు. రాయడం అయ్యాక పలక గుండెకి ఆనించుకుని ఉండాలి. "చూపించు" అన్నాకే తిప్పాలి, లేకపోతే ముందు వరసలో లేచిన మొదటి పలకే హాలంతటికీ జవాబు. పెద్దవాళ్ళలో ఒకరి చేతిలో నాలుగు గడుల కాగితం: 225, 375, 235, 325. పలకలు లేవగానే గీతలు కొట్టుకుంటూ పోవాలి. ఇందులో లేని అంకె వస్తే అదే అసలు నిధి, ఆ జంటని ఎలా చేశారో చెప్పమనాలి.

375 గడిలో గీతలు నిండితే తరవాతి ప్రశ్న వెయ్యం. చీపురు పుల్లల కట్టలు దించుతాం. పదేసి పుల్లలకి ఒక రబ్బరు బ్యాండు, అలాంటి పది కట్టలకి ఒక పెద్ద బ్యాండు. వందేసి పుల్లల పెద్ద కట్టలు నాలుగు, విడి పుల్లలు మూడు. 8 పుల్లలు ఇమ్మంటే మూడే ఉన్నాయి. పదుల కట్టలా, ఒక్కటీ లేదు. వంద కట్ట విప్పాల్సిందే, పది పదులు వస్తాయి. అందులో ఒకటి విప్పాలి. చేతిలో మిగిలింది 3 వందలు, 9 పదులు, 13 విడి. ఆ 9 ఎక్కణ్ణుంచి వచ్చిందో నేల మీద కనబడుతుంది. ఇందులో జరిగే పొరపాటల్లా కట్ట విప్పే పని పెద్దవాళ్ళు చేసెయ్యడమే. బ్యాండు పిల్లలే లాగాలి, పుల్లలు చెల్లాచెదురైనా సరే. భిన్నాలకైతే కాగితపు పట్టీలు: 1/4, 1/8 మడిచి పక్కపక్కన పెట్టాలి. రెండు పట్టీలూ ఒకే పొడవు ఉండాలి. 1/8 మడిచిన పట్టీ రెండోదానికి రెట్టింపు కన్నా పొడుగైతే 1/8 నిజంగానే పెద్దదై కూర్చుంటుంది, ఆ తరవాత ఎంత చెప్పినా పిల్లలు నమ్మరు.

మిమ్మల్ని ఉద్యోగం నుంచి తీసెయ్యడం లేదు, కంగారు పడకండి. బదిలీ మాత్రమే. మొదటి పోస్టింగు ఎక్కాల్లో. చివరి నాలుగు నిమిషాలు మీవే. 1, 2, 5, 10 ఎక్కాలు వచ్చి, 3 × 4 వచ్చాక 4 × 3 విడిగా అక్కర్లేదనుకుంటే, పదో ఎక్కం దాకా నిజంగా మిగిలేవి 21. వాటిలో 6 × 7, 6 × 8, 7 × 8 మొండివి, మూడేసి సార్లు రావాలి. వరసలో అడగకూడదు. అడిగితే "సెవెన్ వన్ జా సెవెన్" నుంచి పాట మొదలుపెట్టి 56 దగ్గర దిగుతారు. కలిపేసి అడిగితే, మూడు సెకన్లు దాటినా నోరు పెగలని జతలు ఏవో మీరు చెప్పగలరు. అది మీకు చేతనైన పని. తప్పిన జత మూడు ప్రశ్నల తరవాత మళ్ళీ రావాలి.

రెండో పోస్టింగు మా నెత్తి మీద. టీచర్లు ప్రశ్న అడిగాక ఒక సెకను మించి ఆగరనీ, 3 సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పెద్దవవుతాయనీ మేరీ బడ్ రో అనే అమెరికా పరిశోధకురాలు 1970లలోనే తేల్చారు. పిల్ల జవాబు చెప్పాక కూడా అంతే ఆగాలట. కాబట్టి మీ ముఖం పిల్లల వైపు కాకుండా మావైపు తిప్పి పెడుతున్నాం. పలక లేచాక మీరు మూడు లెక్కపెట్టేదాకా మేం "వెరీ గుడ్" అనకూడదు, "అబ్బే" అనకూడదు, కనుబొమ్మ ఎగరెయ్యకూడదు. వెనక కుర్చీల్లో ఉన్న నాన్నలకీ ఇదే నిబంధన.

ఇట్లు,
తమ విధేయులు,
ఆదివారం లెక్కల బృందం, బెంగళూరు.

తా.క.: మీ జంట లీడర్‌బోర్డు గారికి విడిగా రాస్తున్నాం. ఆయనకి బదిలీ లేదు, సెలవే. వచ్చే ఆదివారం మొదటి ప్రశ్న 604 − 258. పక్కన 454, 356, 446 కూర్చోబెట్టాం. తొంభై సెకన్లు పడుతుంది. అంతసేపూ తమరు ప్రొజెక్టరు పెట్టెలోనే ఉండగలరు.