లంకలకు సాయం ఎక్కడ ఆగిపోతోందంటే

గోదావరి లంకల్లో (నది మధ్య దీవుల్లో) వరద సాయం చేసే స్వచ్ఛంద సంస్థలు అధికారుల మాట వినట్లేదని ఓ వ్యాసంలో రాశారు. సగమే నిజం. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 13.75 అడుగులకు చేరి రెండో ప్రమాద హెచ్చరిక పడ్డాక సంస్థలు బయల్దేరితే పడవ దొరకదు. దాంతో వ్యాన్ ఆగిన ఏటిగట్టు మీదే పులిహోర పొట్లాలు పంచేసి వెళ్లిపోతారు. గట్టు పక్క ఇంటికి మూడుసార్లు, అవతలి లంకకు సున్నా. మొదటి హెచ్చరిక, అంటే 11.75 అడుగుల దగ్గరే, ఏ లంకకు, ఎన్ని ఇళ్లకు, ఏ సరుకు అని తహసీల్దారు ఆఫీసులో రాసివ్వండి. వండినవి వద్దు, సాయంత్రానికి పాచిపోతాయి. తాగునీటి టిన్నులు, కొవ్వొత్తులు, పశువులకు ఎండుగడ్డి (ఇది అందరూ మర్చిపోతారు) పంపండి.

వ్యాసం వదిలేసిన సంగతి ఇంకోటుంది. 2020లో ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) సవరణ తర్వాత విదేశీ విరాళం అందుకున్న సంస్థ దాన్ని మరో సంస్థకు ఇవ్వకూడదు, అవతలివాళ్లకు అదే చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉన్నా సరే. పరిపాలన ఖర్చు పరిమితినీ 50 నుంచి 20 శాతానికి దించారు. ఊళ్లోని చిన్న సంఘానికి రేవులు తెలుసు, ఆ డబ్బు మాత్రం రాదు. నగరంలోని పెద్ద సంస్థ తనే సరుకు కొని, తన మనుషులతోనే పంచి, బిల్లులు తన పేరునే ఉంచుకోవాలి. ఇది అధికారులకు చెప్పినా తీరేది కాదు, ఢిల్లీలో తేలాల్సింది.