నోట్లో గడ్డ గురించి తిరుగుతున్న ఆ మెసేజ్‌కి నా జవాబు

ఆమధ్య నా నాలుక కింద, కుడి పక్కన, కంది గింజంత గట్టి బొడిపె తగిలింది. అన్నం తినేటప్పుడల్లా ఒకటే సలుపు. ఆ సంగతి ఇంట్లోవాళ్ళ వాట్సాప్ గ్రూపులో అన్నానో లేదో, మా బాబాయి ఒక మెసేజ్ పడేశాడు. మీకూ వచ్చే ఉంటుంది. దాని సారాంశం ఇది: నోట్లో గడ్డ వేడి చేయడం వల్ల వస్తుంది. నొప్పి ఉందంటే క్యాన్సర్ కాదు, నిశ్చింతగా ఉండండి. లవంగ నూనె రాసి సూదితో పొడిచి పిండితే మూడు రోజుల్లో పోతుంది. పరీక్షకని గడ్డలోంచి ముక్క (బయాప్సీ) మాత్రం తీయించుకోకండి, కత్తి తగిలితే ఒళ్ళంతా పాకుతుంది.

ముందు వేడి సంగతి. మనకు నోట్లో ఏమొచ్చినా వేడే. నేనూ నమ్మి రెండు వారాలు సబ్జా నీళ్ళు తాగాను, పులుపూ కారమూ మానేశాను. వాపు తగ్గింది. వేడి తగ్గిందని సంబరపడ్డాను. ఆదివారం చింతకాయ పచ్చడి ముద్ద నోట్లో పెట్టుకున్నానో లేదో, ఐదు నిమిషాల్లో దవడ కింద నిమ్మకాయంత ఉబ్బింది. గంట తర్వాత దానంతటదే దిగిపోయింది.

అది లాలాజల గ్రంథిలో రాయి. దవడ కింది గ్రంథి నుంచి ఉమ్మి ఒక సన్నటి గొట్టం గుండా నాలుక కిందికి వస్తుంది. ఆ దారిలో కాల్షియం పేరుకుని రాయి కడుతుంది. లాలాజల గ్రంథుల్లో వచ్చే రాళ్ళు 100 ఉంటే సుమారు 80 ఈ గ్రంథివే. పులుపు తగలగానే నోరూరుతుంది, ఊరిన ఉమ్మికి దారి ఉండదు, గ్రంథి ఉబ్బుతుంది. సబ్జా నీళ్ళు చేసిందేమీ లేదు, పచ్చడి మానడం వల్ల కాస్త ఊరట దొరికిందంతే.

గడ్డలన్నీ రాళ్ళూ కావు. కింది పెదవి కొరుక్కుంటే నీలంగా నీటి బుడగ లేస్తుంది. పిప్పి పన్ను దగ్గర చిగురు మీద చీము పొక్కు వస్తుంది. అంగిలి మధ్యలో ఎముకే గట్టిగా పొడుచుకొచ్చినవాళ్ళుంటారు, దానికి మందు అక్కర్లేదు. నాలుక వెనక వరసగా ఉండే బొడిపెలు అందరికీ ఉంటాయి. సెల్‌ఫోన్ టార్చి వేసి అద్దంలో అవి చూసుకుని నిద్ర పాడుచేసుకున్నవాళ్ళు నాకు తెలుసు.

ఇక నొప్పి. మెసేజ్‌లో ప్రాణం మీదికి తెచ్చే మాట ఇదే. నోటి క్యాన్సర్ మొదట్లో చాలామందికి నొప్పే పెట్టదు. లోతుకు దిగాక నొప్పి మొదలవుతుంది, ఒక్కోసారి అదే పక్క చెవిలోకి పోటు వస్తుంది. లాలాజల గ్రంథుల్లో వచ్చే కొన్ని క్యాన్సర్లు నరాన్ని పట్టుకుని పాకుతాయి కాబట్టి పెందలాడే నొప్పి పెట్టొచ్చు. అంటే నొప్పి ఉన్నా, లేకపోయినా ఏమీ తేలదు. చూసుకోవాల్సింది రోజులు. రెండు మూడు వారాలైనా మానని పుండు, తగ్గని గడ్డ, తెల్లటి లేదా ఎర్రటి మచ్చ, కారణం లేకుండా కదిలే పన్ను, మెడలో కాయ, నోరు సరిగ్గా తెరుచుకోకపోవడం — వీటిలో ఏదున్నా చూపించుకోవాలి.

గుట్కా, ఖైనీ అలవాటుంటే మూడు వారాలు కూడా ఆగొద్దు. పొగాకు లేని ఉత్త వక్క కూడా క్యాన్సర్ కారకమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లోనే ప్రకటించింది. శ్రీకాకుళం, విశాఖ వైపు ఆడవాళ్ళు చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ మనకు తెలిసిందే. మిగతా చోట్ల అరుదైన గట్టి అంగిలి క్యాన్సర్ అక్కడ ఎక్కువగా కనిపించడానికి కారణం అదే.

లవంగ నూనె కాసేపు తిమ్మిరెక్కిస్తుంది, వేరే నూనెలో పలచన చేయకుండా రాస్తే నోటి లోపలి పొర కాలుతుంది. సూదితో పొడిస్తే రాయి రాదు, పెదవి మీది బుడగ మళ్ళీ నిండుతుంది, చీము గడ్డయితే లోపలికి పాకుతుంది. మెడికల్ షాపులో అడిగి కొనే యాంటీబయాటిక్‌దీ అదే కథ. చిగురు మీది చీము పొక్కు దిగుతుంది, నెలకి మళ్ళీ లేస్తుంది, ఎందుకంటే లోపల పన్ను నరం చచ్చిపోయి ఉంటుంది. రూట్ కెనాలో, పన్ను పీకడమో తప్పదు. నాలుక కింద వాపు నాలుకనే పైకి నెడుతూ, జ్వరంతో గుటక పడకపోతే మాత్రం తెల్లారేదాకా ఆగకండి, ఊపిరి ఆగే ప్రమాదం ఉంది.

ముక్క తీస్తే పాకుతుందన్న మాట ఎలా పుట్టిందో ఊహించగలను. బాగా ముదిరాక వెళ్తారు, ముక్క తీస్తారు, కొన్నాళ్ళకే మనిషి పోతాడు, నింద కత్తి మీద పడుతుంది. గొడుగులు తెరిచారు కాబట్టే వాన కురిసిందన్నట్టు. తీసేది గోరు అంచంత ముక్క, మత్తు సూది వేసి, ఒకటో రెండో కుట్లు. దాన్ని చూడందే ఏ వైద్యం చేయాలో తేలదు.

అలాగని ప్రతి గడ్డకీ అది అక్కర్లేదు. నేను మొదట వెళ్ళిన చోట పళ్ళు క్లీన్ చేసి డబ్బులు తీసుకుని పంపేశారు. రెండో చోట డాక్టరు ఒక వేలు నాలుక కింద, ఇంకో చెయ్యి దవడ కింద పెట్టి నొక్కి, ఎక్స్‌రే తీయించి రాయని తేల్చారు. ఖర్చుకు వెనకాడేవాళ్ళకి హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో, విజయవాడలో, కడపలో ప్రభుత్వ డెంటల్ కాలేజీలున్నాయి.

మత్తు సూది వేసి, చిన్న గాటు పెట్టి రాయి తీశారు. దూది మీద పసుపుపచ్చగా, గరుగ్గా, నిజంగానే కంది గింజంత. ఫొటో తీసి గ్రూపులో పెట్టాను. బాబాయి వెంటనే రాశాడు: "ఇంతేనా! దీనికి సూది చాలేది కదరా."