బలం డబ్బాలో పురుగుల మందు ఎంత?

శుక్రవారం సాయంత్రం బెంగళూరులోని కేఆర్ పురం స్టేషన్‌లో ఊరికి బయల్దేరే మన తెలుగు పిల్లల బ్యాగుల్లో ఏముంటుందో అందరికీ తెలిసిందే. ల్యాప్‌టాప్, ఉతకాల్సిన బట్టలు, వాటి పైన ఒక మెడికల్ షాపు కవరు. అందులో నాన్న మోకాళ్ల నొప్పులకు గ్లూకోసమైన్ మాత్రలు, గుండెకు మంచిదని ఎవరో చెబితే అమ్మ కోసం కొన్న చేప నూనె క్యాప్సూళ్లు, అక్కకు కొల్లాజెన్ పొడి. ఆదివారం రాత్రి తిరిగొచ్చేటప్పుడు అదే బ్యాగులో ఇంటి నెయ్యి, ఆవకాయ వస్తాయి. జీతం పడగానే కన్నవాళ్ల కోసం కొన్న సరుకు అది. అందుకే అందులో ఏముందన్న ప్రశ్నను తేలిగ్గా తీసుకోలేం.

తమ కోసం కొనుక్కునేవి వేరే ఉన్నాయి. మహదేవపుర, బీటీఎం లేఅవుట్ పీజీ హాస్టళ్లలో పొద్దున ఆరింటికి కాఫీ వాసన కన్నా ముందు షేకర్ చప్పుడు వినిపిస్తుంది. ఫ్రిజ్ మీద రెండు కిలోల ప్రోటీన్ డబ్బా, పొడిలో సగం కూరుకుపోయిన స్కూపు. ఒక్కో స్కూపులో ఎన్ని గ్రాముల ప్రోటీన్ ఉందో అరచేయంత అక్షరాల్లో రాసి ఉంటుంది. ఆ పాలు ఎక్కడివో, ఆ పాలిచ్చిన ఆవు ఏం మేసిందో చాలా డబ్బాల మీద ఎంత వెతికినా కనిపించదు.

ఇవన్నీ జంతువుల నుంచి వచ్చినవే. పాలు విరిచి చీజ్ తీశాక మిగిలే నీళ్లను వడగట్టి, ఎండబెట్టి చేసేదే వే ప్రోటీన్. కొల్లాజెన్‌ను పశువుల తోలు, ఎముకలు, చేపల చర్మం నుంచి తీస్తారు. చాలా క్యాప్సూళ్ల తొడుగుకు వాడే జెలటిన్ కూడా అక్కడి నుంచే వస్తుంది. గ్లూకోసమైన్‌ ఎక్కువగా రొయ్యల పొట్టు, పీతల పెంకుల నుంచి తయారవుతుంది. కాడ్ లివర్ ఆయిల్ పేరులోనే ఉంది, కాడ్ చేప కాలేయంలోని నూనె అది. జంతువు ఏం తిన్నదో, ఏ నీళ్లలో తిరిగిందో, దాని ఒంటి మీద ఏం చల్లారో ఆ లెక్కంతా దాని ఒంట్లోనే ఉంటుంది.

మన భాషలో జబ్బు తగ్గించేదీ మందే, పొలంలో పురుగును చంపేదీ మందే. ఎండ్రిన్ అన్న పేరు వింటే తెలుగు పల్లెల్లో పెద్దవాళ్లు ఇప్పటికీ ఉలిక్కిపడతారు. పశువుల పాకలో గమాక్సిన్ పొడి చల్లిన చేతులు ఇంకా మన మధ్యనే ఉన్నాయి. డీడీటీ, బీహెచ్‌సీ, ఆల్డ్రిన్, ఎండోసల్ఫాన్ లాంటి క్లోరిన్ కలిసిన ఈ పాత మందులన్నిటికీ ఒకటే గుణం. నీళ్లలో దాదాపు కరగవు, కొవ్వులో కరుగుతాయి. అందువల్ల ఒకసారి ఒంట్లోకి చేరితే తేలిగ్గా బయటికి పోవు. సముద్రంలో కంటికి కనపడని నాచును చిన్న పురుగు తింటుంది, పురుగును చిన్న చేప, చిన్న చేపను పెద్ద చేప. మెట్టు మెట్టుకూ మందు చిక్కబడుతూ పోతుంది. చివరికి అది చేరేది చేప కాలేయంలోకి, ఆవు పాల మీది వెన్నలోకి, మనిషి ఒంట్లోని కొవ్వులోకి, అక్కడి నుంచి తల్లిపాలలోకి.

వీటిలో చాలావాటిని మన దేశం ఎప్పుడో నిషేధించింది. డీడీటీని సాగులో వాడకూడదని 1989లోనే ఆపేశారు, దోమల మీద మాత్రం వాడకం సాగింది. బీహెచ్‌సీ 1997లో పోయింది. ఎండోసల్ఫాన్‌ను సుప్రీంకోర్టు 2011 మేలో ఆపింది. అప్పటికే కేరళలోని కాసరగోడ్‌లోనూ, మన కర్ణాటకలోని దక్షిణ కన్నడలోనూ జీడితోటల పక్క ఊళ్లలో ఎన్నో కుటుంబాలు చితికిపోయాయి. చట్టం నిషేధించినా మట్టి మాత్రం మందును అంత త్వరగా వదలదు. భారత వైద్య పరిశోధన మండలి 1993లో బయటపెట్టిన సర్వే సంగతి ఈ తరానికి పెద్దగా తెలియదు. 12 రాష్ట్రాల నుంచి తెచ్చిన 2,205 పాల నమూనాల్లో 82 శాతంలో డీడీటీ కనిపించింది, 37 శాతంలో అది అనుమతించిన మోతాదును మించింది. ఆ రోజులతో పోలిస్తే పాత మందుల జాడ తగ్గింది, ఆ మాట ఒప్పుకోవాలి. వాటి స్థానంలో క్లోర్‌పైరిఫాస్, సైపర్‌మెత్రిన్ లాంటివి వచ్చాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆధ్వర్యంలోని క్యాన్సర్ పరిశోధన సంస్థ 2015లో గమాక్సిన్‌లోని లిండేన్‌ను మనుషుల్లో క్యాన్సర్ కలిగించేదిగా, డీడీటీని ఆ అవకాశం గట్టిగా ఉన్నదిగా తేల్చింది.

ఒక్కసారి పాల కేంద్రం దగ్గర నిలబడి చూద్దాం. పలమనేరు వైపైనా, కోలారు వైపైనా తెల్లవారుజామున జరిగేది ఇదే. రైతు క్యాను దించుతాడు. గరిటెడు పాలు మెషిన్‌లో పోస్తే నిమిషంలో వెన్న శాతం, ఎస్ఎన్ఎఫ్ (వెన్న కాక పాలలో ఉండే మిగతా ఘన పదార్థాల శాతం) తెర మీద పడతాయి. వాటిని బట్టే లీటరు రేటు. చీటీ చించి చేతికిస్తారు, పాలు ట్యాంకులో కలిసిపోతాయి. ఆ పాలలో మందు అవశేషం ఉందో లేదో చెప్పే మెషిన్ అక్కడ ఉండదు. దానికి గ్యాస్ క్రోమటోగ్రఫీ లాంటి ఖరీదైన పరికరాలు, వాటిని నడపగల కెమిస్టు, గంటల కొద్దీ సమయం కావాలి. వంద ఇళ్ల పాలు ఒకే ట్యాంకులో కలిశాక ఏ ఇంటి గడ్డి నుంచి ఏం వచ్చిందో ఎవరూ చెప్పలేరు.

తప్పు రైతు మీదికి నెట్టేస్తే మేము ఒప్పుకోం. పత్తి చెక్క, వరిగడ్డి, తవుడు పెట్టకుండా ఆవును ఎవరూ సాకలేరు. అవి వచ్చిన పొలాల్లో మందు కొట్టారా అని అడిగే స్థితిలో ఆయన లేడు. ఆవుకు పిడుదులు పడితే షాపులో ఇచ్చిన మందు నీళ్లలో కలిపి ఒళ్లంతా పట్టిస్తాడు. ఆ తర్వాత కొన్ని రోజుల పాలు అమ్మకూడదని కొన్ని సీసాల మీద రాసే ఉంటుంది, అదీ చీమతలకాయంత అక్షరాల్లో. రెండు పూటలా పాలు పోస్తే తప్ప బిల్లు చేతికి రాని మనిషి నాలుగు రోజుల పాలు ఎలా పారబోస్తాడు? ఆ నష్టాన్ని డెయిరీ భరిస్తుందా, ప్రభుత్వం భరిస్తుందా? ముందు ఆ సంగతి తేల్చాలి.

కంపెనీల వైపు నుంచి చెప్పాల్సిన న్యాయమైన మాట కూడా ఒకటుంది. చేప నూనెను శుద్ధి చేసి ఈ మందులను చాలావరకు తీసేసే పద్ధతులున్నాయి. నూనెను గాలి లేని చోట తక్కువ ఒత్తిడిలో ఆవిరి చేసి వేరు చేస్తారు. పాల నుంచి కొవ్వు దాదాపు పూర్తిగా తీసేసిన ఐసోలేట్ రకం పొడిలో కొవ్వులో దాగే మందులకు చోటు తక్కువ. అంటే శుభ్రమైన సరుకు చేయడం అసాధ్యమేమీ కాదు. కొన్నవాడికి ఏది శుభ్రమైనదో తెలిసే దారి లేకపోవడమే అసలు బాధ.

కేరళ వైద్యులు తమ డబ్బుతో మార్కెట్లోని 36 ప్రోటీన్ పొడులు కొని పరీక్ష చేయించి 2024లో ఫలితాలు ప్రచురించారు. సుమారు 70 శాతం డబ్బాల్లో ప్రోటీన్ లెక్క రాసిన దానికి సరిపోలేదు. 14 శాతంలో బూజు విషం అఫ్లాటాక్సిన్, 8 శాతంలో పురుగుమందుల అవశేషాలు దొరికాయి. చిన్న అధ్యయనమే. కానీ డాక్టర్లు జేబులోంచి తీసి ఖర్చు పెట్టాల్సి రావడమేమిటి? అదే ఏడాది మేలో హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ, కండల కోసం ప్రోటీన్ సప్లిమెంట్లు వద్దని భారతీయుల ఆహార మార్గదర్శకాల్లో చెప్పింది. ఆ మాట మారతహళ్లి జిమ్ముల దాకా చేరినట్టు లేదు.

మన రొయ్య యూరప్‌కు వెళ్లేటప్పుడు ఇంత నిర్లక్ష్యం ఉండదు. చెరువుల్లో వాడే యాంటీబయాటిక్స్ భయంతో 2016లో యూరోపియన్ యూనియన్ భారత రొయ్యల సరుకులో పరీక్షించే వాటాను 10 శాతం నుంచి 50 శాతానికి పెంచింది. అంటే సగం సరుకు అక్కడి రేవులో పరీక్ష దాటాల్సి వచ్చింది. యూరప్ పిల్లాడి కంచం కోసం ఇంత జాగ్రత్త పడగలిగినప్పుడు, రొయ్య పొట్టు నుంచి తీసిన మాత్ర భీమవరంలోని తాతగారు వేసుకునే ముందు ఆ జాగ్రత్తలో పదో వంతైనా అడగడం అత్యాశ కాదు.

మన దేశంలోనూ ఒకసారి చేసి చూపించాం. 2003లో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ బాటిల్ నీళ్లలో, ఆ తర్వాత కూల్‌డ్రింకుల్లో పురుగుమందులు పట్టి చూపింది. పార్లమెంటు సంయుక్త కమిటీ వేసింది. బాటిల్ నీళ్లకు కొత్త లెక్క వచ్చింది: ఒక్కో మందు లీటరుకు 0.0001 మిల్లీగ్రాములు, అన్నీ కలిపి 0.0005 మిల్లీగ్రాములు మించకూడదు. గొడవ జరిగితేనే కదిలారు, కానీ కదిలారు.

సప్లిమెంట్లు మందుల చట్టం కిందికి రావు, ఆహార చట్టం కిందికి వస్తాయి. అమ్మేది మెడికల్ షాపులోనే అయినా సీసా మీద 'వైద్య వినియోగానికి కాదు' అన్న మాట ఉండాలి. తయారీదారు కనీసం ఆరు నెలలకోసారి కలుషితాల పరీక్ష చేయించాలని లైసెన్సు షరతు ఉంది. ఆ రిపోర్టు మాత్రం డబ్బు పెట్టి కొన్నవాడి కంట పడదు. 2006 ఆహార భద్రత చట్టంలోని 40వ సెక్షన్ కొన్నవాడికే పరీక్ష చేయించుకునే హక్కు ఇచ్చింది. మంచి సెక్షనే, చాలామందికి తెలియని సెక్షన్. కానీ దానికి ఒక మెలిక పెట్టారు. పరీక్షకు పంపుతానని కొనేటప్పుడే అమ్మేవాడికి చెప్పాలట. అర్ధరాత్రి ఫోన్లో ఆర్డరిచ్చి, పొద్దున గేటు దగ్గర డబ్బా అందుకునే పీజీ కుర్రాడు ఆ మాట ఎవరికి చెప్పాలి? డెలివరీ బాయ్‌కా? ఈ సెక్షన్‌ను ఇప్పటి కొనుగోళ్లకు తగ్గట్టు మార్చాలి.

కర్ణాటక ప్రభుత్వానికి ల్యాబులు లేవని చెప్పుకునే అవకాశం లేదు. మైసూరులో ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ సీఎఫ్‌టీఆర్‌ఐ ఉంది. హెసరఘట్టలోని ఉద్యాన పరిశోధన సంస్థ పురుగుమందుల అవశేషాల మీద ఏళ్లుగా పనిచేస్తోంది. ఆడుగోడిలో పశు పోషణ మీద ఒక జాతీయ సంస్థే ఉంది. పాకలోని దాణా నుంచి డబ్బాలోని పొడి దాకా దారంతా కొలవగల నగరం దేశంలో ఏదైనా ఉందంటే అది బెంగళూరే. ఆహార భద్రత అధికారులు జిమ్ముల పక్క షాపుల నుంచి, ఆన్‌లైన్ గోదాముల నుంచి నమూనాలు తీయాలి. డబ్బా మీద క్యూఆర్ కోడ్ పెట్టి ఆ బ్యాచ్ రిపోర్టు జనం ఫోన్లో చూసే ఏర్పాటు ఉండాలి. ఫెయిలైన బ్యాచ్‌ను పేరుతో సహా ప్రకటించాలి. రైతుకు పాలు ఆపిన రోజులకు పరిహారం ఇవ్వాలి.

పాఠకులు భయపడి ఇంట్లో ఉన్నవన్నీ చెత్తబుట్టలో వేయాలని మేము అనడం లేదు. ఒకటి రెండు క్యాప్సూళ్లతో వచ్చే ముప్పు కాదిది, ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా పేరుకునేది. డాక్టరు రాసిచ్చినవి డాక్టరును అడక్కుండా మానకండి. ఎవరూ రాయకుండానే కొన్నవాటి గురించి మాత్రం, ముఖ్యంగా ఇంట్లో గర్భిణులు, చిన్నపిల్లలు ఉంటే, ఒకసారి ఆగి డాక్టరును అడగండి. కంపెనీకి ఫోన్ చేసి బ్యాచ్ రిపోర్టు పంపమనండి.

ఊళ్లో అమ్మ ఆ సీసా మూత తీసి, "రోజుకు ఒక్కటే కదా నాయనా" అని అడిగి, అన్నం తిన్నాక లెక్కగా వేసుకుంటుంది. కొడుకు తెచ్చాడు కాబట్టి వేసుకుంటుంది. మళ్లీ సంక్రాంతికి ఈ నగరం నుంచి లక్షల బ్యాగులు ఊళ్లకు బయల్దేరతాయి. వాటిని సర్దుకునే లోపు మొదటి విడత పరీక్షల ఫలితాలు జనం ముందు పెట్టాలని కర్ణాటక ఆహార భద్రత విభాగాన్ని అడుగుతున్నాం.